స్క్రాచా, రోబో కిట్టా, నానో క్యాంపా: ఏ తరగతి పిల్లకి ఏది పెట్టాలి?

"మేడమ్, పాప ఏడో తరగతికి వచ్చింది. కోడింగ్‌లో వెయ్యమంటారా, రోబోటిక్స్‌లో వెయ్యమంటారా, లేకపోతే ఈ నానోటెక్నాలజీ క్యాంపు అంటున్నారే, దాంట్లో వెయ్యమంటారా?"

విజయవాడ పటమటలో అయినా గుంటూరు బ్రాడీపేటలో అయినా వేసవి సెలవుల ముందు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇదే. మంచి ప్రశ్నే. కానీ పాంప్లెట్ మీదున్న పేర్లు పక్కపక్కన పెట్టుకుని ఎంచుకోబోతే జవాబు దొరకదు, ఎందుకంటే అవి ఒకే మెట్టు మీద ఉన్నవి కావు. ఒకటి ఐదో తరగతి పిల్లకి సరిపోతుంది, ఇంకోటి ఘాతాంకాలు రాని పిల్లకి ఎంత ఖర్చుపెట్టి చెప్పించినా ఎక్కదు.

నేను బడిలో భౌతికశాస్త్రం చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, మీకు టైమ్ లేకపోతే ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. ఏడో తరగతి లోపు అయితే కంప్యుటేషనల్ థింకింగ్‌తో, అంటే పనిని మెట్లుగా విడగొట్టి ఆలోచించడంతో మొదలుపెట్టండి, అదీ కంప్యూటర్ లేకుండా. ఆ తర్వాత స్క్రాచ్, అంటే దిమ్మెలు తగిలించి ప్రోగ్రాం రాసే పిల్లల భాష. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నానోని, అంటే కంటికి కనపడనంత చిన్న కొలతల శాస్త్రాన్ని, తీసుకొచ్చి దాంతో కలపండి. రోబో కిట్టు ఇష్టమైతే మధ్యలో ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. నానో ఒక్కదాన్నే విడిగా, స్లైడ్లతో చెప్పే కోర్సుకి మాత్రం డబ్బు కట్టొద్దు.

ఎందుకో చెప్తాను.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, పిల్ల ఏ లెక్కల దగ్గర ఉంది. మిగతావన్నీ దీని తర్వాతే. ఒక మిల్లీమీటర్‌లో 10 లక్షల నానోమీటర్లు. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు, డీఎన్ఏ పోగు వెడల్పు సుమారు 2 నానోమీటర్లు. ఈ అంకెలు ఐదో తరగతి పిల్లకి చెప్తే "అబ్బో" అంటుంది, అంతే, దాంతో ఏమీ చెయ్యలేదు. ఎనిమిదో తరగతి గణితంలో రుణ ఘాతాంకాలు వచ్చాక అదే పిల్ల "అయితే వెంట్రుక మీద ఎన్ని డీఎన్ఏ పోగులు పక్కపక్కన పడతాయి?" అని తనే లెక్క వేస్తుంది. ఆ తేడా చాలా పెద్దది.

రెండోది, కోర్సు అయ్యాక పిల్ల చేతిలో ఏముంటుంది? సర్టిఫికెట్ గురించి అడగడం లేదు. తను చేసినదేదో ఇంటికి వచ్చిన మామయ్యకి చూపించి, ఎలా పనిచేస్తుందో తన మాటల్లో చెప్పగలదా, ఒక చోట మార్చితే ఏమవుతుందో ముందే ఊహించగలదా అని. ఇది ఉంటే కోర్సు పనిచేసినట్టే.

మూడోది, మీ దగ్గర ఏముంది: ల్యాప్‌టాప్ ఉందా, నాన్నగారి ఫోన్ ఒక్కటేనా, బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో పెట్టే ల్యాబ్) ఉందా.

ఇక నాలుగోది టైమ్. మన ఊళ్ళ సంగతి అందరికీ తెలిసిందే, ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచ్‌లు, వారాంతం పరీక్షలు, ఇంటికొచ్చేసరికి ఆరు, ఆ పైన హోంవర్క్. వారానికి రెండు గంటలు కూడా మిగలని పిల్లని నెలల తరబడి సాగే కోర్సులో వేస్తే అది ఇంకో టెన్షన్ అవుతుంది తప్ప చదువవ్వదు.

## ఒక్క చూపులో

| దారి | ఎప్పుడు సరిపోతుంది (తరగతి) | ఏం కావాలి | ఖర్చు | ఎక్కడ తేలిపోతుంది |
|---|---|---|---|---|
| కంప్యూటర్ లేని కంప్యుటేషనల్ థింకింగ్ | 3 నుంచి 7 | అట్టముక్కలు, సుద్దముక్క, ఇద్దరు ముగ్గురు పిల్లలు | దాదాపు ఏమీ లేదు | ఒంటరి పిల్లకి, ఆడించే పెద్దవాళ్ళు లేకపోతే |
| స్క్రాచ్ | 5 నుంచి 9 | ల్యాప్‌టాప్ లేదా ట్యాబ్ | ఉచితం | చూసి కాపీ కొట్టే అలవాటు పడితే |
| మైక్రోబిట్, ఆర్డునో, రోబో కిట్లు | 6 నుంచి 9 | బోర్డు, సెన్సర్లు, కంప్యూటర్ | వందల నుంచి వేలల్లో | కిట్టుకి ఆరుగురు పిల్లలుంటే |
| స్లైడ్లతో నానో కోర్సు | నా దృష్టిలో ఎప్పుడూ కాదు | ఫీజు | ఎక్కువ | మొదటి రోజే |
| నానో చేతి ప్రయోగాలు | 6 నుంచి 9, ఆపైన ఇంటర్ | వంటింటి సామాను, బడి ల్యాబ్ | తక్కువ | కొలతలు వదిలేసి వింతలు మాత్రం చూపిస్తే |
| నానో, కంప్యుటేషన్ కలిపి | 8, 9, ఇంటర్ మొదటి ఏడాది | ముగ్గు, కాగితం, స్క్రాచ్ లేదా పైథాన్ | తక్కువ | ఘాతాంకాలు రాకపోతే |

## కంప్యూటర్ లేకుండా

కంప్యుటేషనల్ థింకింగ్ అనే మాట 2006లో జెనెట్ వింగ్ రాసిన చిన్న వ్యాసంతో అందరి నోళ్ళలో పడింది. అంతకు చాలా ముందే, 1960ల చివర్లో లోగో భాషని తయారుచేసినవాళ్ళలో ఒకరైన సేమర్ పాపర్ట్ ఆ ఆలోచనతోనే పిల్లలతో పనిచేశాడు. చెయ్యాల్సింది ఇదీ: పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడగొట్టడం, ముక్కల్లో పోలిక పట్టుకోవడం, అక్కర్లేని వివరాలు వదిలెయ్యడం, ఎవరు చదివినా ఒకేలా చెయ్యగలిగేట్టు మెట్లు రాయడం. ఇందులో కంప్యూటర్ ప్రస్తావనే లేదు గమనించండి. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీవాళ్ళు కంప్యూటర్ లేకుండా ఇవన్నీ ఆడించే ఆటలు తయారుచేసి ఉచితంగా పెట్టారు, నేను వాటిలో చాలా వాడతాను.

మీ ఇంట్లో ఈ సాయంత్రమే చెయ్యగలిగింది ఒకటి. 1 నుంచి 100 లోపు ఒక అంకె అనుకోండి, పిల్ల "50 కంటే పెద్దదా?" లాంటి అవును-కాదు ప్రశ్నలు వెయ్యాలి. సగం సగం చేసుకుంటూ పోతే 7 ప్రశ్నల్లో ఎక్కడున్నా దొరుకుతుంది. ఇప్పుడు అసలు ప్రశ్న: 1 నుంచి 1000 అయితే ఎన్ని? చాలామంది పిల్లలు 70 అంటారు. 10 చాలు. ఆ ఆశ్చర్యం మొహంలో కనపడ్డాక ఇంకేం చెప్పక్కర్లేదు, ఎందుకని వాళ్ళే తవ్వుకుంటారు.

ఇంకోటి, అట్టముక్కల మీద 1, 2, 4, 8, 16 చుక్కలు పెట్టి, కొన్ని తెరిచి కొన్ని మూసి 0 నుంచి 31 దాకా ఏ అంకైనా చూపించమనడం. నాలుగో తరగతి పిల్లలు పదిహేను నిమిషాల్లో పట్టేస్తారు.

ఇవన్నీ బానే ఉంటాయి కానీ ఇబ్బంది ఒకటుంది. ఆడించే మనిషి కావాలి, జతగా ఇంకో ఇద్దరు పిల్లలు కావాలి. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇంట్లో, ఒక్కతే కూతురుంటే, ఇది చెప్పినంత తేలిక కాదు. అపార్ట్‌మెంట్‌లో ఉన్న పిల్లల్ని ఆదివారం పొద్దున సెల్లార్‌లో పోగుచేస్తే చాలావరకు తీరుతుంది. పైసా ఖర్చు లేదు, కరెంటు పోయినా ఆగదు.

## స్క్రాచ్

అమెరికాలో ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసింది, అప్పటినుంచీ ఉచితమే. రంగురంగుల దిమ్మెలు ఒకదానికొకటి తగిలిస్తే ప్రోగ్రాం అవుతుంది, స్పెల్లింగ్ తప్పులతో తల వాచిపోయే బాధ లేదు. ఇంటర్నెట్ లేకుండా నడిచే రూపం కూడా ఉంది, ఒకసారి ఎక్కించుకుంటే చాలు. ఫోన్ చిన్న తెర మీద మాత్రం దీన్ని పెట్టొద్దు, కళ్ళూ పోతాయి, ఓపికా పోతుంది. ట్యాబ్ నుంచి పైకి ఏదైనా సరే.

దీంతో నేను చూసే చిక్కు, పిల్లలు వీడియో పెట్టుకుని అందులో ఉన్నది ఉన్నట్టు దించేసి "గేమ్ చేశాను" అనడం. ఇన్‌స్టిట్యూట్‌లలో కూడా చాలాచోట్ల జరిగేది ఇదే, పాతిక మంది పిల్లలు ఒకే రోజు ఒకే పిల్లి ఆట చేసుకుని ఇంటికొస్తారు. చిన్న పరీక్ష పెట్టండి. "పిల్లి ఎలుకని ముట్టుకుంటే స్కోరు పెరుగుతోంది కదా, ఇప్పుడు గోడని ముట్టుకుంటే తగ్గేట్టు చెయ్యి" అనండి. పావుగంట గింజుకునైనా చేస్తే నేర్చుకున్నట్టు. మళ్ళీ వీడియో వెతికితే, కొన్నాళ్ళు స్క్రాచ్ ఆపి పైన చెప్పిన అట్టముక్కల దగ్గరికి వెళ్ళడం మంచిది.

తొమ్మిదో తరగతి దాటినవాళ్ళు పైథాన్‌కి, అంటే టైపు చేసి రాసే ప్రోగ్రామింగ్ భాషకి పోవచ్చు. అంతకు ముందు పైథాన్ నేర్పిస్తే గొప్ప అనుకోవడం వద్దు, ఆరో తరగతి పిల్ల కామా మర్చిపోయి ఏడుస్తూ కూర్చుంటే ఆలోచన ఎక్కడ పెరుగుతుంది?

## రోబో కిట్లు

మైక్రోబిట్ బీబీసీ 2016లో బ్రిటన్ పిల్లల కోసం తెచ్చిన చిన్న బోర్డు. దాని మీద 25 బుల్లి లైట్లు, రెండు బటన్లు, వేడిని, కదలికని పట్టే సెన్సర్లు ఉంటాయి. ఇక్కడ రెండు వేలకి అటూ ఇటూగా దొరుకుతుంది. ఆర్డునో కూడా ఇలా ప్రోగ్రాం చేసే బోర్డే, దాని నకలు (క్లోన్) కొన్ని వందల్లోనే వస్తుంది కానీ వైర్లు, బ్రెడ్‌బోర్డు, రెసిస్టర్లు అంటూ తర్వాత ఖర్చు పెరుగుతుంది, వైరు ఎక్కడ ఊడిందో వెతకడానికి సగం క్లాసు పోతుంది. చేత్తో పని చెయ్యడం ఇష్టపడే, కుదురుగా కూర్చోలేని పిల్లలకి మాత్రం దీన్ని మించింది లేదు. స్క్రాచ్‌లో విసిగిపోయిన కుర్రాళ్ళు మొక్కకి నీళ్ళు అయిపోతే బజర్ మోగే పని ఇస్తే రెండు గంటలు తల ఎత్తకుండా కూర్చోవడం చూశాను.

చేర్పించే ముందు ఒకటే అడగండి: ఒక్కో కిట్టుకి ఎంతమంది? ఇద్దరైతే చేర్పించండి. అంతకు మించితే ఒకళ్ళు చేస్తారు, మిగతావాళ్ళు చూస్తారు.

మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే బయట ఫీజు కట్టే ముందు అక్కడికి వెళ్ళి చూడండి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన ఈ పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల గ్రాంటు వస్తుంది, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. తాళం వేసి ఉంటే ఎందుకు వేశారని మర్యాదగా, కానీ గట్టిగా అడగండి. అది మీ పిల్లల కోసం వచ్చిన సామాను.

## నానో: స్లైడ్ల కోర్సు ఎందుకు వద్దంటున్నాను

బడి మైక్రోస్కోప్‌లో నానో కనపడదు. కాంతితో పనిచేసే మామూలు మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్ల కంటే చిన్న వివరాన్ని విడదీసి చూపలేదు, అద్దం ఎంత మంచిదైనా సరే, ఎందుకంటే కాంతి తరంగమే అంతకంటే పొడుగు. 1981లో బిన్నిగ్, రోరర్ అనే ఇద్దరు తయారుచేసిన కొత్తరకం మైక్రోస్కోప్‌తో పదార్థం ఉపరితలం మీద ఒక్కో పరమాణువుని విడిగా చూడటం కుదిరింది. దానికి వాళ్ళకి 1986లో నోబెల్ వచ్చింది. అలాంటి యంత్రం వేసవి క్యాంపులో ఉండదు. అందువల్ల "నానో చూపిస్తాం" అనే కోర్సులో పిల్ల చూసేది ఫొటోలు. 1959లో ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త ఏమన్నాడు, 1974లో తనిగుచి నానోటెక్నాలజీ అనే పేరు ఎలా పెట్టాడు, 2023లో క్వాంటం డాట్లనే నానో కణాలకి నోబెల్ ఎవరికి వచ్చింది, ఇవన్నీ వినడానికి బావుంటాయి, క్విజ్‌కి పనికొస్తాయి, అయితే వాటికోసం వేలు పొయ్యక్కర్లేదు.

కాలేజీ ల్యాబ్ చూపించడం వేరు, అది మంచిదే. మన చుట్టూ నంబూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీ, వడ్లమూడి, వడ్డేశ్వరం, అమరావతి వైపు పెద్ద యూనివర్సిటీలు ఉన్నాయి. మీ బడి తరఫున భౌతిక, రసాయన శాస్త్ర విభాగాలకి ముందుగా ఉత్తరం రాసి, ఏ యంత్రాలు చూపించగలరో కనుక్కుని, పిల్లలు ఒక ప్రశ్న పట్టుకుని వెళ్ళేట్టు చూడండి. చామాకు ముక్కో సీతాకోకచిలుక రెక్కో పట్టుకెళ్ళి "దీన్ని పెద్దది చేసి చూపిస్తారా?" అని అడగగలిగితే ఆ ఒక్క పూట పది స్లైడ్ షోల పెట్టు.

## నానో చేత్తో చెయ్యాలంటే

ఇక్కడే నాకు అసలు ఉత్సాహం. చూడలేం సరే, కొలవగలం.

తామరాకు, చామాకు మీద నీళ్ళు పోస్తే ముత్యాల్లా దొర్లిపోతాయని పిల్లలందరికీ తెలుసు. ఆకు మీద అతి సన్నటి మైనపు గరుకుతనం ఉండబట్టి నీటిబొట్టు దాని కొనల మీదే ఆగి గుండ్రంగా ఉంటుంది. ఆకులో సగాన్ని వేలితో గట్టిగా రుద్దించండి, రుద్దిన చోట నీళ్ళు అంటుకుంటాయి, రుద్దని చోట దొర్లుతాయి. తర్వాత సబ్బునీళ్ళతో చేయించండి. పిల్ల ముందే ఊహ రాసుకుని తర్వాత చూడాలి, అదొక్కటే షరతు.

రెండోది ఎనిమిదో తరగతి నుంచి పైవాళ్ళకి, పెద్దవాళ్ళు పక్కనుండాలి. 1774లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక సంగతి రాశాడు. లండన్ దగ్గర క్లాఫమ్‌లో ఒక చెరువు మీద చెంచాడు నూనె పోస్తే దాదాపు అర ఎకరం దాకా పరుచుకుని అలలు అణిగిపోయాయట. చెంచాడు నూనె 5 మిల్లీలీటర్లు, అర ఎకరం సుమారు 2000 చదరపు మీటర్లు అనుకుని భాగించమనండి. పొర మందం రెండున్నర నానోమీటర్లు వస్తుంది! ఫ్రాంక్లిన్ ఆ లెక్క వెయ్యలేదు, మీ పిల్ల వేస్తుంది.

దీన్నే బడి ల్యాబ్‌లో చెయ్యొచ్చు, ఒకప్పుడు ఇంటర్ భౌతికశాస్త్ర పుస్తకంలో ఉన్న ప్రయోగమే. ఓలియిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరు తీసుకుని ఆల్కహాల్‌తో 20 మిల్లీలీటర్లు చెయ్యాలి, అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి మళ్ళీ 20 చెయ్యాలి, అంటే 400వ వంతు పలచన. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి పైన సన్నగా పౌడరు చల్లి మధ్యలో ఒక్క చుక్క వేస్తే, పౌడరు పక్కకి జరిగి గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. చుక్క మిల్లీలీటరులో 50వ వంతు అనుకుంటే, ఆ గుండ్రం 18 సెంటీమీటర్ల అడ్డం వస్తే, పొర మందం 2 నానోమీటర్ల దగ్గర తేలుతుంది. పొర ఒక్క అణువు మందమే అనుకుంటే అదే అణువు పొడుగు. ఆల్కహాల్ అంటుకునేది, స్పిరిట్ దీపం దరిదాపుల్లో ఉండకూడదు. పళ్ళెం సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేదాకా కడక్కపోతే అసలు రాదు.

స్కేలు, పళ్ళెం, భాగహారం. వీటితో తొమ్మిదో తరగతి పిల్ల ఒక అణువు పొడుగు అంచనా వేసింది అంటే ఇంతకన్నా నానోటెక్నాలజీ పాఠం ఏం కావాలి? జర్మనీలో ఆగ్నెస్ పొకెల్స్ అనే ఆవిడ, యూనివర్సిటీ మెట్లెక్కకుండానే, వంటింట్లో ఇలాంటి పొరల మీదే ప్రయోగాలు చేసింది, ఆమె ఉత్తరం 1891లో నేచర్ పత్రికలో అచ్చయింది. ఆడపిల్లలకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

ఇక మన జిల్లాల్లో రైతుల ఇళ్ళలో పిల్లలకి నానో అనే మాట బడికంటే ముందు అరలీటరు నానో యూరియా సీసా మీద కనపడి ఉంటుంది, 2021 నుంచీ ఇఫ్కో అమ్ముతోంది. దాని దిగుబడి మీద వ్యవసాయ శాస్త్రవేత్తల్లో వాదన ఉంది. పిల్లలచేత "మన పొలంలో ఇది పనిచేస్తోందో లేదో తేల్చాలంటే ఏం చెయ్యాలి, ఎన్ని మళ్ళు కావాలి, దేంతో పోల్చాలి?" అని రాయించండి. జవాబు కంటే ఆ ప్లాను ముఖ్యం.

## రెండూ కలిపితే

చూడలేని దాన్ని అర్థం చేసుకోవాలంటే నమూనా కట్టాలి, నమూనా కట్టడమే కంప్యుటేషనల్ థింకింగ్. ఈ రెండూ ఒకచోట కలవడం ఎవరో బలవంతంగా అతికించింది కాదు.

ముందు కాగితం. 28 సెంటీమీటర్ల పొడుగు కాగితం ముక్కని సగానికి, ఆ సగాన్ని సగానికి కత్తిరిస్తూ పోవాలి. 8 కోతలకి మిల్లీమీటర్ దగ్గరికి వస్తుంది, కత్తెర చేతులెత్తేస్తుంది. అక్కడినుంచి నానోమీటర్‌కి ఇంకా 20 కోతలే. మొత్తం 28. "100లో 7 ప్రశ్నలు, 1000లో 10 ప్రశ్నలు" ఆట ఆడిన పిల్లకి ఇది వెంటనే వెలుగుతుంది, రెండూ ఒకే లెక్క అని.

తర్వాత ముగ్గు. దీన్ని వివరంగా చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. 7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేవరకు పెట్టండి. వరుసగా 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37 చుక్కలు. ఇప్పుడు కొన్ని చుక్కలు చెరపాలి: 4 చుక్కల వరుసలో 1వది, 4వది; 5 చుక్కల వరుసలో 3వది; 6 చుక్కల వరుసలో 2వది, 5వది; 7 చుక్కల వరుసలో 1వది, 4వది, 7వది; కింది సగం కూడా ఇలాగే. 13 పోయి 24 మిగులుతాయి. దగ్గరి చుక్కల్ని కలిపితే తేనెపట్టు గళ్ళు 7 వస్తాయి. ఒక్కో చుక్కా ఒక కార్బన్ పరమాణువు అనుకుంటే ఇదే గ్రాఫీన్ అల్లిక, అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ రేకు, 2004లో విడదీసి 2010లో నోబెల్ తెచ్చుకున్న పదార్థం. అసలు దాంట్లో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 0.142 నానోమీటర్లు.

ఇక ప్రశ్నలు మొదలుపెట్టండి. చెరిపే చుక్కలకి సూత్రం ఏంటి? ప్రతి వరుసలోనూ మూడింటికొకటి, కాకపోతే మొదలయ్యే చోటు మారుతోంది, దాన్ని పిల్లే పట్టుకోవాలి. ముగ్గు చూడని ఇంకో పిల్లకి ఫోన్‌లో చెప్పి వేయించగలదా? సూచనలు ఎక్కడ అస్పష్టంగా ఉన్నాయో అక్కడే ముగ్గు తప్పుతుంది, రాసినవాళ్ళకి తప్పు తెలుస్తుంది.

ఆ తర్వాత అంచులు లెక్కపెట్టించండి. మధ్యలో ఉన్న చుక్కకి మూడు పొరుగు చుక్కలు, అంచున ఉన్న కొన్నింటికి రెండే. ఈ ముగ్గులో 24కి 12 అలాంటివి, సరిగ్గా సగం. ఒకే గడి అయితే 6కి 6. ఇంకో చుట్టు గళ్ళు పేరిస్తే 19 గళ్ళు, 54 చుక్కలు, రెండే పొరుగులున్నవి 18. అంటే మొత్తం, సగం, మూడో వంతు. తర్వాతి చుట్టుకి ఎంత ఉంటుందో ఊహించి, వేసి చూడమనండి. వస్తువు చిన్నదయ్యేకొద్దీ అంచుకి, ఉపరితలానికి వచ్చే వాటా పెరుగుతుంది, అందుకే చిన్న ముక్క పెద్ద ముక్కలా ప్రవర్తించదు. నానో స్థాయిలో గుణాలు మారడానికి ఉన్న ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి, ఇది పిల్లకి వాకిట్లో ముగ్గుపిండితో తెలిసింది.

ఘనంతో కూడా ఇదే చూపొచ్చు. ఒక సెంటీమీటర్ ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు, దాన్ని నానోమీటర్ ఘనాలుగా తరిగితే మొత్తం 6000 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర ఎకరంన్నర.

స్క్రాచ్ వచ్చినవాళ్ళకి చివరి పని: తెర మధ్యలోంచి ఒక చుక్క ప్రతి అడుగుకీ యాదృచ్ఛికంగా ఏదో దిక్కుకి తిరిగి నడవాలి. 100 అడుగుల తర్వాత మొదలైన చోటునుంచి ఎంత దూరం పోయింది? చాలాసార్లు నడిపి సగటు తీయాలి, ఆపైన 400 అడుగులతో. నాలుగు రెట్లు నడిస్తే దూరం నాలుగు రెట్లు అవ్వదు, రెండు రెట్ల దగ్గర ఆగుతుంది. నీళ్ళలో నానో కణం కదిలేది ఇలాగే, 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టిందీ దీన్నే.

ఈ దారికి ఉన్న లోపం కూడా చెప్పాలి. చెప్పేవాళ్ళు తక్కువ. కోడింగ్ సార్‌కి నానో తెలియదు, సైన్స్ టీచర్‌కి స్క్రాచ్ తెలియదు, ఇద్దరూ ఒకే స్టాఫ్‌రూంలో కూర్చుంటారు కానీ కలిసి ఒక్క పీరియడ్ తీసుకోరు. రెండు పీరియడ్లు పక్కపక్కన పెట్టమని హెడ్‌మాస్టర్‌ని అడగడంతో మొదలవ్వాలి ఇది.

## మీరు ఎవరైతే ఏది

ఐదు నుంచి ఏడు, ఇంట్లో ఫోన్ ఒక్కటే: కంప్యూటర్ లేని ఆటలు. దీనివల్ల పిల్ల వెనకబడిపోతుందేమో అన్న బెంగ వద్దు. 2020 జాతీయ విద్యా విధానం కూడా కోడింగ్‌ని ఆరు నుంచి ఎనిమిది తరగతుల దశలో మొదలుపెట్టమంది.

ఆరు, ఏడు, ల్యాప్‌టాప్ ఉంది, వారానికి రెండు గంటలు దొరుకుతాయి: స్క్రాచ్, మధ్యమధ్యలో చామాకు లాంటివి. చేత్తో పని ఇష్టమైతే మైక్రోబిట్.

ఎనిమిది, తొమ్మిది, ఫౌండేషన్ బ్యాచ్‌లో ఉంది: కొత్త కోర్సు పెట్టొద్దు. సెలవుల్లో వారం రోజులు కాగితం, ముగ్గు, నూనె పొర, ఈ మూడు చాలు. ఎలాగూ చదువుతున్న ఘాతాంకాలు, ఘనపరిమాణాలే ఇవి, కాబట్టి టైమ్ వృథా అనే మాట రాదు.

పదో తరగతి: ఏదీ వద్దు. పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో చూసుకోండి, అప్పుడు రెండు నెలలు ఖాళీ, పైథాన్‌లో ఆ యాదృచ్ఛిక నడక రాయించండి.

జిల్లా పరిషత్ బడిలో అరవై మంది పిల్లలతో ఒక్కరే ఉన్న సైన్స్ టీచర్ అయితే మీకు నా సలహా వేరు. కిట్ల కోసం ఎదురుచూడొద్దు. ముగ్గుకి బడి ఆవరణ ఉంది, పిల్లల్ని ఐదుగురేసి జట్లు చెయ్యండి, ఒక జట్టు రాసిన సూచనలతో ఇంకో జట్టు ముగ్గు పెట్టాలి. ఇందులోంచి ఒకరిద్దరికి సొంత ఆలోచన పుడితే, పిల్లల కొత్త ఆలోచనలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకి పంపండి, ఎంపికైన పిల్లకి నమూనా తయారీకి 10 వేలు నేరుగా తన ఖాతాలో పడతాయి. బడికి ఐదు ఆలోచనల దాకా పంపొచ్చు. ఐదూ ఇంటర్నెట్‌లో దొరికిన ప్రాజెక్టులే అయితే ఆగి, వాళ్ళ ఇంట్లో, పొలంలో, మిర్చి యార్డులో పనిచేసే అమ్మానాన్నలకి ఏ పని కష్టంగా ఉందో కనుక్కుని రమ్మనండి. నామినేషన్ గడువు దాటకముందే ఖాతా వివరాలు, ఆధార్ సరిచూసుకోండి, చాలా బళ్ళలో ఆలోచన బాగుండి కాగితాల దగ్గర ఆగిపోతోంది.